అమెరికా అంతర్యుద్ధం బానిసత్వం కోసమా, రాష్ట్రాల హక్కుల కోసమా? ఇక్కడ కూర్చుని దీని మీద రాయడం అయ్యే పనేనా?

పల్నాటి_పిల్ల
ఎం.ఏ. హిస్టరీ ఫైనలియర్. డిజర్టేషన్‌కి అమెరికా అంతర్యుద్ధం తీసుకుంటానంటే మా గైడ్ సారు నవ్వారు. "నర్సరావుపేటలో బస్సెక్కి వచ్చే పిల్లవి, వర్జీనియా గురించి ఏం రాస్తావమ్మా, పల్నాటి యుద్ధం రాసుకో" అన్నారు. కోపం వచ్చింది కానీ ఆయన మాటలో సగం నిజం ఉందేమోనని భయం కూడా ఉంది. రెండు నెలల నుంచి చదువుతున్నా, చదివేకొద్దీ గందరగోళం. ఒకడు యుద్ధం బానిసత్వం గురించే అంటాడు, ఇంకోడు అబ్బే రాష్ట్రాల హక్కులు, పన్నులు అంటాడు, మూడోవాడు లింకన్‌కి బానిసల మీద ప్రేమేం లేదు, ఆయనే రాసుకున్నాడు చూడండి అని ఒక ఉత్తరం చూపిస్తాడు. అందరి చేతిలోనూ ఏదో ఒక కాగితం ఉంది. ఎవరి మాట నమ్మాలో ఎలా తేల్చుకోవాలి? అసలు కాగితాలు ఇక్కడి నుంచి చూడటం కుదురుతుందా? సినాప్సిస్ ఇవ్వడానికి మూడు వారాలే ఉంది, ఒకటే టెన్షన్.

సందేహాల_సుబ్బు
లింకన్ కొడుకు టీచరుకి రాసిన ఉత్తరం ఉంటుందిగా, అది మొదటి పేజీలో పెట్టు. గైడ్ కరిగిపోతారు.

చాదస్తం_మాస్టారు
సుబ్బూ, ఆ ఉత్తరం లింకన్ రాశాడనడానికి ఒక్క ఆధారం లేదు. ఆయన రాతలన్నీ సంపుటాలుగా అచ్చయ్యాయి, వాటిలో ఎక్కడా కనపడదు. మన దగ్గర ప్రైవేటు స్కూళ్ళ గోడల మీద మాత్రం ఉంటుంది, ఏటా సెప్టెంబరు 5న వాట్సాప్‌లో తిరుగుతుంది.

అమ్మాయ్, నువ్వు చెప్పిన మూడోవాడి ఉత్తరం మాత్రం నిజమైనదే. 1862 ఆగస్టు 22న లింకన్ న్యూయార్క్ సంపాదకుడు హొరేస్ గ్రీలీకి రాసింది. ఒక్క బానిసనీ విడిపించకుండా దేశాన్ని నిలబెట్టగలిగితే అలాగే చేస్తాను, అందర్నీ విడిపించి నిలబెట్టగలిగితే అదీ చేస్తాను అన్న మాట అందులో ఉంది. కానీ దానికి నెల ముందే, జూలై 22న, బానిసల విముక్తి ప్రకటన చిత్తుప్రతి తన మంత్రులకి చదివి వినిపించాడు. అంటే ఆ ఉత్తరం రాసేనాటికి నిర్ణయం సొరుగులో ఉంది. పత్రికలో అచ్చవుతుందని తెలిసే రాసిన ఉత్తరం అది, ఉత్తరాదిలో బానిసత్వం సంగతి పట్టని జనాన్ని కూడా వెంట ఉంచుకోవాలి కదా. ఆ చివర్లో, మనుషులంతా స్వేచ్ఛగా ఉండాలన్న నా సొంత కోరికలో మార్పు లేదు అని కూడా రాశాడు. ఈ ఉత్తరం చూపించే వీడియోవాళ్ళు ఆ వాక్యం దాకా రారు.

సందేహాల_సుబ్బు
మా స్కూల్లో ఆ టీచరు ఉత్తరం బట్టీ పట్టి చెప్తే నాకు ఫస్ట్ ప్రైజు వచ్చింది మాస్టారూ. స్టీలు గ్లాసు. ఇప్పుడు వెనక్కిచ్చేయాలా?

రిచ్‌మండ్_రావు
పదహారేళ్ళుగా ఇక్కడే ఉంటున్నా. దేశం నుంచి విడిపోయి లింకన్ మీద యుద్ధం చేసిన దక్షిణాదివాళ్ళ రాజధాని ఈ ఊరే. మాన్యుమెంట్ అవెన్యూలో వాళ్ళ సేనాని రాబర్ట్ లీ విగ్రహం ఉండేది, 1890లో పెట్టింది, 2021 సెప్టెంబరులో తీసేశారు. మా అత్తగారూ మామగారూ వచ్చినప్పుడు గుర్రం మీద ఎవరో మహారాజు అనుకుని దాని కింద నిలబెట్టి ఫొటోలు తీశాను, ఇప్పుడు ఆల్బమ్ తీస్తే నాకే ఇబ్బందిగా ఉంటుంది.

అయినా నా అభిప్రాయం ఒకటి చెప్తా, తిట్టకండి. అంతా బానిసత్వం ఖాతాలో రాసేయడం తేలిక. వర్జీనియా సంగతి చూడండి. 1860 డిసెంబరులో సౌత్ కరోలైనా దేశం నుంచి వెళ్ళిపోయింది, ఫిబ్రవరి మొదటికల్లా ఏడు రాష్ట్రాలు బయటికి పోయాయి, వర్జీనియా కదల్లేదు. ఏప్రిల్ 12న సౌత్ కరోలైనాలో కేంద్ర సైన్యం ఉన్న ఫోర్ట్ సమ్టర్ కోట మీద దక్షిణాదివాళ్ళ కాల్పులు, 15న లింకన్ 75 వేల మంది సైనికులు కావాలని పిలుపిచ్చాడు, 17న వర్జీనియా విడిపోయింది. పక్కింటివాడి మీద తుపాకీ ఎత్తమంటే మేం ఎత్తం అన్నారు. దీనికీ బానిసత్వానికీ ఏమిటి సంబంధం? నాతో పనిచేసే ఒకాయన, ముత్తాతల కాలం నుంచీ ఇక్కడివాడు, ఇదే అంటాడు.

కర్నూలు_కుర్రోడు
పన్నుల మాట ఎవరూ ఎత్తరేం. మోరిల్ టారిఫ్. ఉత్తరాది ఫ్యాక్టరీల కోసం దిగుమతి సుంకం పెంచి దక్షిణాది రైతు నడ్డి విరిచారు, అందుకే తిరగబడ్డారు. ఇది మనకి అర్థమైనట్టు ఇంకెవరికీ అర్థం కాదు.

మోడరేటర్_మామయ్య
ముందే చెప్తున్నా, ఈ థ్రెడ్‌లో "రాష్ట్రం విడిపోవడం" అంటే అమెరికాదే. 2014 ఎత్తినవాడి పోస్టు ఎత్తేస్తా. పోయినసారి పులిహోర వంటకం థ్రెడ్‌లో కూడా తెచ్చారు.

చాదస్తం_మాస్టారు
కుర్రోడా, తేదీలు చూసుకో. ఆ టారిఫ్ మీద అధ్యక్షుడు బుకానన్ సంతకం పెట్టింది 1861 మార్చి 2న. అప్పటికి ఏడు రాష్ట్రాలు తీర్మానాలు చేసేశాయి. దక్షిణాది సెనేటర్లు లేచి వెళ్ళిపోబట్టే సెనేట్‌లో అది అంత సులువుగా గట్టెక్కింది. అంతకుముందు అమల్లో ఉన్న 1857 సుంకాలు తక్కువే, దక్షిణాదివాళ్ళు కూడా ఓటేసి తగ్గించినవి. సుంకాల మీద పెద్ద గొడవ 1832లో సౌత్ కరోలైనా చేసింది, అది నిజం. దాన్ని తెచ్చి 1860కి అతికిస్తున్నావు.

ఇక రాష్ట్రాల హక్కులు. అమ్మాయ్, ముందు నువ్వు చదవాల్సింది విడిపోయినవాళ్ళు తమ కారణాలు తామే రాసుకున్న కాగితాలు. సౌత్ కరోలైనా 1860 డిసెంబరు 24న కారణాల ప్రకటన ఆమోదించింది. నాలుగైదు పేజీలు, ఒక్క కూర్చున్న పట్టున అయిపోతుంది. అందులో ఫిర్యాదు ఏమిటంటే, పారిపోయిన బానిసల్ని పట్టి అప్పజెప్పాలన్న కేంద్ర చట్టాన్ని ఉత్తరాది రాష్ట్రాలు తమ సొంత చట్టాలతో నీరుగారుస్తున్నాయని. న్యూయార్క్ అయితే బానిసని వెంటబెట్టుకుని దాటి వెళ్ళే హక్కు కూడా లేదంటోందని. ఇప్పుడు చెప్పండి, ఇక్కడ రాష్ట్ర హక్కు వాడుకుంటున్నది ఎవరు? న్యూయార్క్. కేంద్రం కర్ర పుచ్చుకుని రావాలని అడుగుతున్నది ఎవరు? సౌత్ కరోలైనా. 1850 నాటి ఆ పట్టివేత చట్టం ఎంత గట్టిదంటే, మామూలు పౌరుల్ని కూడా బానిసల వేటలో సాయం చేయమని ఆదేశించే అధికారం అధికారులకి ఇచ్చింది.

మిసిసిపీ ఇంకా సూటిగా రాసింది, మా స్థితి బానిసత్వ వ్యవస్థతో పూర్తిగా ముడిపడి ఉంది అని రెండో పేరాలోనే. దక్షిణాది ఉపాధ్యక్షుడు అలెగ్జాండర్ స్టీఫెన్స్ 1861 మార్చి 21న సవానాలో మాట్లాడుతూ, నల్లవాడు తెల్లవాడితో సమానం కాడన్నదే మా కొత్త ప్రభుత్వానికి మూలరాయి అన్నాడు. వాళ్ళ రాజ్యాంగం నల్లజాతి బానిసల మీద ఆస్తిహక్కుని దెబ్బతీసే చట్టం ఏదీ కేంద్రం చేయకూడదంది, కొత్తగా కలిసే ప్రాంతాల్లో కూడా బానిసత్వాన్ని కాపాడి తీరాలంది. ఆ కొత్త ప్రాంతంవాళ్ళకి వద్దనే హక్కు మాత్రం ఇవ్వలేదు.

అట్లాంటా_అల్లుడు
మాస్టారు ఫుల్ ఫాంలో ఉన్నారు.

కానీ నాకో డౌటు. మా ఆఫీసులో ఒకడు ఎప్పుడూ అంటాడు, దక్షిణాదిలో బానిసలున్నది ఏ నాలుగైదు శాతం మందికో, మిగతా పేద తెల్లవాళ్ళు వాళ్ళ కోసం ఎందుకు చస్తారు అని. జవాబు తెలీక నవ్వి ఊరుకుంటున్నా.

నీలిరంగు_సిరా
ఆ నాలుగైదు శాతం ఎలా వస్తుందో చెప్తాను. 1860 సెన్సస్‌లో బానిసల యజమానిగా ఇంటికి ఒక్క పేరు ఉంటుంది, చాలావరకు మగ పెద్ద పేరు. ఆ పేర్లని మొత్తం జనాభాతో, అంటే ఆయన పెళ్ళాం, పిల్లలు, చంటిపాపతో సహా అందరితో భాగిస్తే శాతం చిన్నగానే వస్తుంది. మన ఊళ్ళో పట్టాదారు పాసుపుస్తకం నాన్న పేరు మీద ఉందని ఆ ఇంట్లో మిగతా అయిదుగురికీ పొలం లేదన్నట్టు. కుటుంబాల లెక్కన చూస్తే విడిపోయిన 11 రాష్ట్రాల్లో దాదాపు మూడింట ఒక కుటుంబానికి బానిసలున్నారు. సౌత్ కరోలైనా, మిసిసిపీల్లో దగ్గర దగ్గర సగం కుటుంబాలకి. ఇక లేనివాళ్ళు అద్దెకి తీసుకునేవాళ్ళు, ఎప్పటికైనా కొనాలని ఆశపడేవాళ్ళు, కనీసం మనకంటే కింద ఒకడున్నాడన్న తృప్తితో బతికేవాళ్ళు. దేశంలో అప్పుడు 3 కోట్ల 14 లక్షల జనం ఉంటే 39.5 లక్షల మంది బానిసలు.

అట్లాంటా_అల్లుడు
పాసుపుస్తకం పోలిక వాడికి ఇంగ్లీషులో ఎలా చెప్పాలో మరి. థాంక్సండి.

అన్నట్టు మాకు దగ్గర్లో స్టోన్ మౌంటెన్ ఉంది, మనవాళ్ళు ఎవరు వచ్చినా తీసుకెళ్తాం. కొండరాతిలో చెక్కిన దక్షిణాది అధ్యక్షుడు డేవిస్, సేనానులు లీ, జాక్సన్ గుర్రాల మీద ఉంటారు. అంతర్యుద్ధం నాటిదేమో అనుకున్నా. చూస్తే 1972లో పూర్తయిందిట! మా నాన్న పెళ్ళి కూడా అంతకంటే పాతది.

చాదస్తం_మాస్టారు
అదే చెప్పబోతున్నా. ఈ విగ్రహాల్లో చాలాభాగం యుద్ధం కాలం నాటివి కావు. 1890ల నుంచి 1920ల దాకా వెల్లువలా వచ్చాయి, నల్లవాళ్ళకి ఓటు తీసేసి, రైల్లో వేరే పెట్టె పెట్టిన రోజులవి. రాష్ట్రాల హక్కుల కథ కూడా అంతే, బానిసత్వం పోయాక బలపడింది. 1861లో మూలరాయి ఉపన్యాసం ఇచ్చిన ఆ స్టీఫెన్సే ఓడిపోయాక 1868లో పెద్ద పుస్తకం రాసి, అబ్బే, గొడవంతా రాజ్యాంగం అర్థం గురించి అన్నాడు. ఒకే మనిషి, మధ్యలో ఏడేళ్ళు. అమ్మాయ్, ఎవరి మాట నమ్మాలి అని అడిగావు కదా, ఆ మనిషి ముందు మాట వినాలా, కేసు ఓడిపోయాక చెప్పిన మాట వినాలా చూసుకో.

రిచ్‌మండ్_రావు
మాస్టారూ, నేనడిగింది వర్జీనియా గురించి. మీరు సౌత్ కరోలైనా, మిసిసిపీ కాగితాలు చూపించి జవాబు చెప్పాననుకుంటున్నారు.

చాదస్తం_మాస్టారు
న్యాయమైన మాటే. తర్వాత విడిపోయిన నాలుగు రాష్ట్రాల కథ కాస్త వేరు, ఒప్పుకుంటా. కానీ వర్జీనియాలో ఏప్రిల్ దాకా "విడిపోవద్దు" అన్నవాళ్ళు కూడా ఏమని వాదించారో చదివారా? దేశంలో ఉంటేనే మన బానిసలు మనకి భద్రం, యుద్ధం వస్తే బానిసత్వమే పోతుంది అని వాదించినవాళ్ళు బోలెడంతమంది. వాళ్ళ జోస్యమే నిజమైంది.

పల్నాటి_పిల్ల
బాబోయ్, ఒక్క రాత్రిలో ఇన్ని పోస్టులా. సౌత్ కరోలైనా ప్రకటన చదివేశా. నిజంగానే న్యూయార్క్ మీద ఫిర్యాదు ఉంది, నాకు నవ్వొచ్చింది. మరి బానిసలు రాసిన కాగితాలు? ఇప్పటిదాకా అందరూ చెప్పినవన్నీ యజమానుల కాగితాలే కదా.

నీలిరంగు_సిరా
ఇదిగో, అసలు కష్టం ఇక్కడ మొదలవుతుంది. 1850, 1860 సెన్సస్‌లలో బానిసలకి వేరే పట్టీలున్నాయి. యజమాని పేరు రాసి, కింద వరసగా వయసు, ఆడా మగా, రంగు. పేరు లేదు. 35, మగ, నలుపు. 8, ఆడ, ములాటో, అంటే నల్ల తెల్ల కలిసిన సంతానం. అంతే. పశువుల లెక్కలా ఉంటుంది చూడటానికి. పేరుతో వాళ్ళంతా మొదటిసారి కనపడేది 1870 సెన్సస్‌లో. అందుకే తమ పూర్వీకుల కోసం వెతుక్కునే నల్లజాతి కుటుంబాలు "1870 గోడ" అంటారు. అక్కడిదాకా వచ్చి తల గోడకి కొట్టుకోవడమే.

గోడ అవతలికి చూడటానికి కొన్ని కంతలున్నాయి. 1865లో విముక్తుల కోసం ఒక పొదుపు బ్యాంకు పెట్టారు. ఖాతా తెరిచేటప్పుడు అమ్మానాన్నల పేర్లు, అన్నదమ్ములు ఎక్కడున్నారు, పాత యజమాని ఎవరు, ఏ తోట అని రాయించుకునేవాళ్ళు, గుర్తింపు కోసం. 1874లో ఆ బ్యాంకు దివాలా తీసింది, పాపం కూలి డబ్బులు దాచుకున్నవాళ్ళవి పోయాయి. కానీ ఆ రిజిస్టర్లు మిగిలాయి. డబ్బు పోయింది, తాతల పేర్లు దొరికాయి.

నేను రిటైరయ్యాక మేరీల్యాండ్‌లో కూతురి దగ్గర ఉంటూ విముక్తుల కోసం ప్రభుత్వం పెట్టిన ఫ్రీడ్‌మెన్స్ బ్యూరో కాగితాలు టైపు చేస్తున్నా. స్మిత్సోనియన్ వాళ్ళు స్కాన్లు ఆన్‌లైన్లో పెడతారు, ఎవరైనా కూర్చుని చదివి టైపు చేయొచ్చు, గుంటూరు నుంచి కూడా. మొదట్లో ఆ చేతిరాత ఒక్క ముక్క అర్థం కాలేదు. తర్వాత మా తాతగారి దస్తావేజుల గొలుసుకట్టు గుర్తొచ్చింది, అది చదవగలిగినదానివి ఇదెంత అనుకున్నా. ఒక కూలి ఒప్పందం కాగితం చేశాను, కింద పేరున్న చోట ఇంటూ గుర్తు, పక్కన "అతని గుర్తు" అని గుమాస్తా రాత. మన వేలిముద్రే. ఆ రోజు ఇంకో కాగితం చేయబుద్ధి కాలేదు.

గోదావరి_గట్టు
మాజీ బానిసల ఇంటర్వ్యూలు కూడా ఉన్నాయిగా. 1930లలో ప్రభుత్వమే చేయించింది. వాళ్ళ నోటి మాటలే ఉంటే ఇంకా కాగితాలు ఎందుకు?

చాదస్తం_మాస్టారు
ఉన్నాయి, 1936 నుంచి 1938 దాకా, 2,300కి పైగా. బంగారు గని, కానీ జాగ్రత్త. మాట్లాడినవాళ్ళకి ఎనభై దాటాయి, బానిసత్వం నాటికి వాళ్ళు పిల్లలు. అడిగినవాళ్ళలో ఎక్కువమంది తెల్లవాళ్ళు, అదీ దక్షిణాదిలో, ఆ రోజుల్లో.

చార్లెస్టన్‌లో సుసాన్ హామ్లిన్ అనే ముసలావిడ కథ చదువు. ఆవిడని ఇద్దరు వేర్వేరుగా కలిశారు. తెల్లావిడ వెళ్ళి అడిగితే మా యజమాని మంచివాడే, బాగానే చూశాడు అన్న ధోరణి. నల్లాయన వెళ్ళి అడిగితే కొరడా దెబ్బలు, తల్లుల్నీ పిల్లల్నీ విడదీసి అమ్మడం, ఆ ఏడుపులు. ఒకే మనిషి, ఒకే ఊరు. ఆ మొదటావిడ సంక్షేమ ఆఫీసు నుంచి వచ్చిందని ముసలావిడ అనుకుందిట.

సందేహాల_సుబ్బు
ఇది మాత్రం నాకు బాగా అర్థమైంది. సర్వేకి ఎవరొచ్చినా మా నాయనమ్మ "మాకేముంది బాబూ, ఏమీ లేదు" అంటుంది, రేషన్ కార్డు పోతుందని. వెనక గదిలో ఫ్రిజ్ మోగుతూనే ఉంటుంది.

పల్నాటి_పిల్ల
సుబ్బు గారూ, నా డిజర్టేషన్‌లో మీ నాయనమ్మ గారికి ఫుట్‌నోట్ ఇస్తా.

వరంగల్_వేపచెట్టు
ఎవరూ వెట్టి గురించి మాట్లాడరేం? మా తాత దొర గడీలో వెట్టి చేసినోడు. కూలీ లేదు, పిలిస్తే పోవాలె, పండుగ లేదు పబ్బం లేదు. అమెరికాది చదువుతుంటే అదే యాదికొస్తది. ఈ బిడ్డ రెంటినీ పోల్చి రాస్తే గైడ్ సారు కూడా నవ్వడు.

నీలిరంగు_సిరా
వేపచెట్టు గారూ, మీ తాతగారి బాధ తక్కువని అనడం లేదు. కానీ పోల్చేటప్పుడు ఒక తేడా మర్చిపోతే మొత్తం కూలిపోతుంది. అక్కడ మనిషిని సంతలో వేలం వేసేవాళ్ళు, అప్పుకి తాకట్టు పెట్టేవాళ్ళు, వీలునామాలో కూతురికి రాసిచ్చేవాళ్ళు. తల్లి బానిస అయితే పుట్టిన బిడ్డ పుట్టుకతోనే యజమాని ఆస్తి, తండ్రి ఆ యజమానే అయినా సరే.

వరంగల్_వేపచెట్టు
తేడా ఉంది, కాదనను. కానీ తేడా ఉందని పోలిక మానేస్తే, ఇక్కడిది ఎప్పటికీ చిన్నగనే కనపడ్తది. 1873లో జోతీరావు ఫూలే "గులాంగిరీ" రాసి, నల్లవాళ్ళ బానిసత్వం తీసేసినందుకు అమెరికా ప్రజలకే అంకితమిచ్చిండు. ఆయనకి పోలిక కనపడ్డది కదా.

నీలిరంగు_సిరా
ఫూలే మాట కాదనలేను. సరే, మీది ఒక పాయింటు.

గోదావరి_గట్టు
అంత దూరం ఎందుకు, కాకినాడ రాయొచ్చు కదా. ఇంగ్లాండులో లాంకషైర్ బట్టల మిల్లులకి అప్పట్లో నాలుగింట మూడొంతుల పత్తి అమెరికా నుంచే. 1861లో యుద్ధం, దక్షిణాది రేవులకి దిగ్బంధం, మిల్లులు మూతపడి అక్కడ కూలీలు పస్తులు. ఇంగ్లీషువాళ్ళు ఇండియా మీద పడ్డారు. బొంబాయిలో డబ్బు వరదై పారింది, షేర్ల పిచ్చి పట్టింది, 1865లో యుద్ధం ఆగగానే అంతా కుప్పకూలింది. మన గుంటూరు వైపు పత్తి కాకినాడ రేవు నుంచి పోయేది, వ్యాపారంలో దాని పేరే "కోకనాడ" పత్తి. పల్నాటి పిల్లకి ఇంతకంటే ఏం కావాలి?

కర్నూలు_కుర్రోడు
అంటే అక్కడ యుద్ధం జరిగితే ఇక్కడ రైతు బాగుపడ్డాడన్నమాట. పన్నుల సంగతి ఓడిపోయా, ఇదైనా నిజమేనా?

పల్నాటి_పిల్ల
మిర్చి రేటు పెరిగిన ఏడాది రైతు ఎంత బాగుపడతాడో అంతే అయ్యుంటుంది. మా ఊళ్ళో నేను చూస్తూనే ఉన్నా, ఒక ఏడు రేటు వస్తే మరుసటి ఏడు అందరూ అదే వేస్తారు, కౌలు పెరుగుతుంది, రేటు పడుతుంది. గోదావరి గట్టు గారూ, టాపిక్ బాగుంది, ఆశ కూడా పుడుతోంది. కానీ నిజం చెప్పాలంటే నేను అమెరికా చదవాలనుకున్నది మా ఊరు వదిలి ఇంకో చోటు చూద్దామని. తిప్పి తిప్పి అందరూ మళ్ళీ గుంటూరు తెస్తున్నారు.

ఓయూ_పాత_కాపు
ఆ అమ్మాయి మాట నాకు నచ్చింది. అమెరికావాళ్ళు వచ్చి మన గ్రామాల మీద థీసిస్‌లు రాసినప్పుడు, నువ్వు మీ ఊరిదే రాసుకో అని ఎవరూ అనలేదు. 1964లో ఉస్మానియా క్యాంపస్‌లోనే అమెరికన్ స్టడీస్ రీసెర్చ్ సెంటర్ పెట్టారు. దేశం నలుమూలల నుంచీ అమెరికా చరిత్ర, సాహిత్యం చదివేవాళ్ళు హైదరాబాద్ వచ్చేవాళ్ళు. 80లలో నేను అక్కడ కూర్చుని పుస్తకాల వాసన పీల్చినవాణ్ణే. తర్వాత పేరు మారింది, రూపు మారింది. మేం ఒక పుస్తకం కోసం వారం ఆగేవాళ్ళం, ఇప్పుడు నీ ఫోన్లో యుద్ధపు అధికారిక రికార్డులు 128 పుస్తకాలూ ఉన్నాయి. ఏది చదవకూడదో తేల్చుకోవడమే నీ కష్టం.

సందేహాల_సుబ్బు
చచ్చినవాళ్ళెంతమంది? ఒకచోట ఆరు లక్షలని, ఒకచోట ఏడున్నరని ఉంది. 160 ఏళ్ళయ్యాక కూడా శవాలు పెరుగుతాయా?

చాదస్తం_మాస్టారు
పెరిగేది లెక్క. చాలాకాలం 6 లక్షల 20 వేలు అనేవాళ్ళు, రెండు సైన్యాల రికార్డులు కలిపిన లెక్క, దక్షిణాదివి సగం కాలిపోయాయి, పోయాయి. 2011లో డేవిడ్ హ్యాకర్ అనే చరిత్రకారుడు సెన్సస్‌ల మధ్య తగ్గిన మగవాళ్ళ సంఖ్యతో లెక్కగట్టి 7 లక్షల 50 వేలు అన్నాడు. 2024లో ఇంకొందరు మొత్తం సెన్సస్ పట్టీలు తిరగేసి 6 లక్షల 98 వేల దాకా తెచ్చారు. తుపాకీ దెబ్బలకంటే విరేచనాలు, జ్వరాలతో పోయినవాళ్ళే ఎక్కువ.

రిచ్‌మండ్_రావు
మీ మాటలు బుర్రలో తిరుగుతుంటే ఆదివారం పిల్లల్ని తీసుకుని ఫోర్ట్ మన్రో వెళ్ళా. సముద్రం ఒడ్డున రాతి కోట, యుద్ధం పొడుగునా ఉత్తరాది చేతిలోనే ఉంది. 1861 మే నెలలో ముగ్గురు బానిసలు, ఫ్రాంక్ బేకర్, షెపర్డ్ మలోరీ, జేమ్స్ టౌన్సెండ్, రాత్రిపూట పడవేసుకుని ఇక్కడికి వచ్చేశారు. వాళ్ళచేత దక్షిణాది సైన్యం ఫిరంగి దిబ్బలు కట్టిస్తోంది. మర్నాడు అవతలి ఆఫీసరు తెల్లజెండాతో వచ్చి, పట్టివేత చట్టం ప్రకారం మా మనుషుల్ని మాకివ్వండి అన్నాడు. కోటలో జనరల్ బట్లర్, వృత్తికి ప్లీడరు. మీరు పరాయి దేశం అయిపోయామంటున్నారు కదా, పరాయి దేశానికి మా చట్టం వర్తించదు, పైగా వీళ్ళని మీరు ఆస్తి అంటున్నారు, శత్రువు యుద్ధానికి వాడే ఆస్తి పట్టుకోవచ్చు, ఇవ్వను పో అన్నాడు. ప్లీడర్ బుర్ర! వారం తిరక్కుండా పిల్లాజెల్లాతో జనం కోటకి రావడం మొదలైంది. విముక్తి ప్రకటనకి ఇంకా ఏడాదిన్నర ఉంది. ఆ తర్వాత నల్ల సైనికులు దాదాపు లక్షా 80 వేల మంది చేరారు.

మా చిన్నాడు అడిగాడు, నాన్నా, అయితే లింకన్ విడిపించలేదా, వాళ్ళే వచ్చేశారా అని. రెండూనురా అన్నా. వర్జీనియా సంగతి మాత్రం నేనింకా పూర్తిగా ఒప్పుకోలేదు మాస్టారూ.

పల్నాటి_పిల్ల
రావు గారూ, మీరు ఒప్పుకోకపోవడమే నాకు పనికొచ్చింది. టాపిక్ దొరికింది!

వర్జీనియా యూనివర్సిటీ వాళ్ళ ప్రాజెక్టు ఒకటి ఉంది, ఒకే పెద్ద లోయలో సరిహద్దుకి అటూ ఇటూ రెండు జిల్లాలు తీసుకున్నారు. వర్జీనియాలో ఆగస్టా కౌంటీ, పెన్సిల్వేనియాలో ఫ్రాంక్లిన్ కౌంటీ. ఒకే రకం గోధుమ పొలాలు, ఒకే రకం చర్చిలు. ఒకచోట అయిదో వంతు జనం బానిసలు, ఇంకోచోట బానిసత్వం లేదు. రెండు ఊళ్ళ పత్రికలు, ఉత్తరాలు, డైరీలు, సెన్సస్ అన్నీ ఉచితంగా ఆన్‌లైన్లో. నేను 1860 నవంబరు నుంచి 1861 ఏప్రిల్ దాకా ఆగస్టాలో స్టౌంటన్ ఊరి పత్రికలు రెండూ, ఫ్రాంక్లిన్‌లో ఛేంబర్స్‌బర్గ్ ఊరి పత్రికలు రెండూ పక్కపక్కన చదువుతా. ఆరు నెలలు, నాలుగు పత్రికలు. విడిపోవద్దన్న వర్జీనియావాళ్ళు బానిసత్వం గురించి ఏమన్నారు, ఏం అనకుండా దాటేశారు. అంతే.

నిన్న రాత్రి కొన్ని సంచికలు చూశా. సంపాదకీయం దేశం ముక్కలు కావొద్దని గుండె కరిగేలా ఉంది. అదే పత్రికలో ప్రకటనల పేజీకి వెళ్తే, కొత్త సంవత్సరానికి అద్దెకి నీగ్రోలు అని ఉంది. పక్కనే నాగళ్ళ ప్రకటన.

నీలిరంగు_సిరా
ప్రకటనలు వదలకు. సంపాదకీయం ఆలోచించి రాస్తారు, ప్రకటన అలవాటుగా రాస్తారు. యుద్ధం అయ్యాక కూడా చూడు, నల్లజాతి చర్చి పత్రికల్లో "సమాచారం కావాలి" అని ఏళ్ళ తరబడి ప్రకటనలు వచ్చాయి, అమ్ముడుపోయిన తల్లి కోసం, తమ్ముడి కోసం. విల్లనోవా యూనివర్సిటీ వాళ్ళు వేలకొద్దీ పోగుచేశారు. నీ ఆరు నెలల్లో అవి రావు, కానీ చదువు.

గోదావరి_గట్టు
కాకినాడ పీహెచ్‌డీకి దాచుకో మరి.

రిచ్‌మండ్_రావు
నన్ను గినీపంది చేశావన్నమాట. కానీ ఒక్కటి, ఆ ఊరు స్పెల్లింగు చూసి స్టౌంటన్ అనకు. ఇక్కడివాళ్ళు "స్టాంటన్" అంటారు. వైవాలో తప్పు పలికితే మీ సారు మళ్ళీ నర్సరావుపేట బస్సు ఎక్కిస్తారు.

పల్నాటి_పిల్ల
స్టాంటన్. స్టాంటన్. రాసుకున్నా. సినాప్సిస్ సోమవారం ఇస్తున్నా.

సందేహాల_సుబ్బు
గ్లాసు సంగతి ఎవరూ తేల్చలేదు.